చీకటిడేగకు కోరుట్ల వరుస

శ్రావణమాసమున నొక యాదివారము మధ్యాహ్నవేళ నీలజలధరపటలపరివృతమైన గగనతలము కోరుట్ల పట్టణముపై నల్లకంబళివలె వంగి సన్నని తుంపురులను జల్లుచుండగను పెంకుటిండ్ల చూరులనుండి జారు జలధారలు వీధికాలువలలో గలగలారావముతో పరుగిడుచుండగను అరుగులమీద బీడీలు చుట్టు స్త్రీలు ఆకు తడియునను భయమున చేటలను ఒడిలోనికి లాగికొని కూర్చుండగను వేముల పోశెట్టి తన యింటి ముందుగదికి గల రెండు కిటికీలను మూసి వానిపై దుప్పట్లు గట్టి తలుపుసందున గోనెసంచి గ్రుక్కి పట్టపగలు కారుచీకటిని సృష్టించుకొనుచుండెను. లోకులు చీకటిని బోగొట్టుటకు దీపము బెట్టుదురు. పోశెట్టి వెలుతురు కనబడుటకై జన్మమంతయు జీకటి చేసినవాడు.

ఏలయన నతడు ముప్పదియొక్క సంవత్సరములు చంద్రకాంతి టాకీసు యంత్రశాలలో నిలువుకాళ్ళపై నిలిచి బొమ్మను నడిపిన ఆపరేటరు. ఇప్పుడా టాకీసు లేదు. దానిని గూలద్రోసి పెండ్లిండ్ల మందిరమును గట్టిరి. నిజామాబాదున నర్సుపని చేయు కుమార్తె సుగుణ తన తండ్రి యేమియు దోచక గోడలవంక జూచుచు గూర్చుండుటను సహింపలేక గోడంత టీవీని, డిస్కు నాడించు పెట్టెను, దానితోపాటు తాను చిన్ననాట ఏడుమారులు జూచిన యొక చిత్రపు హైడెఫినిషన్ డిస్కును గొనితెచ్చెను. డిస్కుమీది బొమ్మను జూచినంతనే పోశెట్టి దానిని బోర్లించి పెట్టెను. అది 'చీకటిడేగ' రెండవభాగము. పదునెనిమిది సంవత్సరములుగా నతడు తప్పించుకొని తిరుగుచున్న చిత్రము. టీవీలో నది వచ్చు దినమున కరెంటు పోయినచో నాతడు లోలోపల సంతసించినవాడు.

కారణమును వినుడు. లోహపక్షకవచధారియు నిశాసంచారియు దుష్టదండనదీక్షితుడును అగు నొక మహావీరుని కథ యది. పరదేశమునుండి తెలుగుమాటలతో దిగివచ్చెను. మొదటిభాగము పగటి కథవలె నుండగా రెండవభాగము ఆదినుండి తుదిదాక నంధకారమే. ఆ కాలమున పంపిణీవారు కోరుట్లకును మెట్‌పల్లికిని కలిపి యొక్కటే ప్రింటు నిచ్చుచుండిరి. మెట్‌పల్లిలో ఆట అరగంట ముందు మొదలగును. అచ్చట నొక్కొక్క రీలు ముగియగనే దానిని డబ్బాలో బెట్టుకొని సయ్యద్ యాకూబు తన లూనాబండిపై కోరుట్లకు దెచ్చును. ఇచ్చట నది యాడును. యాకూబు మరల మెట్‌పల్లికి బోవును. చూచువారు చల్లని కుర్చీలలో గూర్చుండ నొక మనిషి యెండలో వానలో గంటల తరబడి రోడ్డున బడి తిరిగినగాని కథ ముందుకు నడువని కాలమది. ఈ సంగతి చిత్రపు పేర్లలో నెవ్వరును వ్రాయలేదు గనుక నిక్కడ వ్రాయుచున్నాము.

మొదటినాటి మొదటి యాటలో తొమ్మిదవ రీలు కొనివచ్చునప్పుడు లూనాచక్రము పంచరయ్యెను. యాకూబు దానిని బాగుచేయించుకొనునంతలో వెనుకనే యొక బస్సులో పదవ రీలును వచ్చి చేరెను. వానకు డబ్బాలమీది చీటీలు రెండును తడిసి యూడిపోయెను. రెండు డబ్బాలను జంకలనిడికొని యాకూబు మెట్లెక్కునప్పటికి తెర తెల్లబడియుండెను. ముందుబెంచీలవారు కుర్చీలు విరుచుచుండిరి. పోశెట్టి చేతికందిన డబ్బాను దెరచి యెక్కించెను. అందు వీరుని బెంచిన కుంటివైద్యుడు వంతెనపై వానలో ప్రాణములు విడిచెను. హాలంతయు నేడ్చెను. తరువాతి రీలులో నా వైద్యుడే చిరునవ్వుతో వచ్చి వీరుని విరిగిన రెక్కను బాగుచేసి భుజము దట్టెను. చచ్చినవాడు లేచివచ్చెనని కోరుట్ల యూగిపోయెను. చొక్కాలెగిరెను. కొబ్బరికాయలు పగిలెను. మఱుసటి యాటనుండి యజమాని 'ఇదే వరుస, వేలుబెట్టకు' అని శాసించెను. ఆ యజమానియే వ్యయభీతిచే దీపపుకాంతిని సగమునకు దింపించినవాడు. టికెట్టు నిండు టికెట్టు, వెలుతురు మాత్రము సగము. కనుక తుదిరీళ్ళలో వైద్యుడు లేనేలేడన్న సంగతియు నా మసకలో నెవ్వరికిని దెలియలేదు. చిత్రము యాబది దినము లాడెను.

రెండూళ్ళ యాటను జూచిన యాకూబొక్కడే 'రీళ్ళు తారుమారైనవి' అనెను. ఇరువదియేండ్ల చేతిపని నొక బండివాడు తప్పుపట్టుటయా యని పోశెట్టికి మండెను. చాయహోటలు ముందట నలుగురు వినుచుండగా 'తప్పని తేలిన్నాడు నీ యింటికి నేనే అచ్చి నలుగురి ముందట ఒప్పుకుంట. అప్పటిదాంక నాతోటి మాట్లాడకు' అని యతడు శపథము చేసెను. యాకూబు నిజముగనే మాటాడలేదు. ఒకే వీధిలో నాలుగిండ్ల యెడముగ నుండి యొకే కుళాయియొద్ద బిందెలు బెట్టి పదునెనిమిది సంవత్సరములు ఆ యిరువురును పలుకక నడిచిరి. నేడా తగవును దీర్చు సాక్షి వ్రేలెడు మందము లేని పళ్ళెమై పోశెట్టి చేతనుండెను. తనదే తప్పయినచో గడప దాటవలె. తన దొప్పయినచో యాకూబు తలదించవలె. ఏది యైనను నొక్క బొత్తామునొక్కు దూరమున నున్నది.

బొమ్మ మొదలయ్యెను. మొదటి నిమిషముననే పోశెట్టి నోరు దెరచికొని మంచపుపట్టెపై ముందునకు జరిగెను. తాను యాబది దినములు నాలుగేసి యాటలు నడిపిన యా చీకటి నిజమునకు జీకటియే కాదు. ఆ నలుపులో నీలపునలుపు వేరు, గోధుమనలుపు వేరు, వానలో తడిసిన యినుపనలుపు వేరు. వీరుని కవచమున అతుకులు కనబడెను. అతుకులను గుట్టిన దారపు ముళ్ళు కనబడెను. వైద్యుని గడ్డమున నొక్కొక్క వెండ్రుకకు వ్రేలాడు చినుకు కనబడెను. తండ్రి మొగమును జూచి సుగుణ నవ్వెను.

"ఏంది బాపు, కొత్త సిన్మ లెక్క సూస్తున్నవ్. నువ్వు ఆడిచ్చిందే గదనే."

"ఆడిచ్చిన బిడ్డా. సూడలే. ఇయ్యాల్నే సూస్తున్న," అని పోశెట్టి బదులిచ్చెను.

ఆ సంతోషములో భయమును మరచియున్నవానికి రెక్క విరుగు ఘట్టము రాగానే శపథము గుర్తునకు వచ్చెను. వైద్యుడు నవ్వుచు వచ్చి రెక్కను బాగుచేసి భుజము దట్టెను. ఇంకను చావలేదు. పిదప వంతెన వచ్చెను. వాన వచ్చెను. వైద్యుడు కన్నుమూసెను. పోశెట్టి తుదివరకు గనురెప్ప వేయక జూచెను. వైద్యుడు మరల రాలేదు. వీరుడొంటరియై నిందను దలకెత్తుకొని యంధకారమున గలిసిపోయెను. పేర్లు పైకి నడిచెను.

మూలన బీడీలు కట్టగట్టుచున్న పోశెట్టి భార్య రాజవ్వ తలయెత్తి యడిగెను. "ముసలోడు మల్ల రాడా. అప్పుడు లేచి అచ్చిండు గద."

"అప్పుడు నేను లేపిన," అని పోశెట్టి మెల్లగా ననెను.

సుగుణకు సంగతి యంతయు దెలియును. ఆమె డిస్కును బైటికి దీసి పెట్టెలో నుంచుచు "బాపు, ఈ ఇంట్ల ముగ్గురమే ఉన్నం. ఎవ్వలకు ఎర్క గాదు. దీన్ని నేను నిజామాబాదుకు వట్టుకపోత," అనెను.

అందు దురుద్దేశ మేమియు లేదు. కూతురు తండ్రి పరువును గాచుకొనుచున్నది. పోశెట్టియు నొక క్షణము తలయూపబోయెను. కాని చేతిపనివానికొక రోగము కలదు. పొరపాటు చేసితినని తెలిసినపిదప దానిని సరిచేయనిదే వాని వ్రేళ్ళు నిలువవు. అతడు లేచి చొక్కాగుండీలు పెట్టుకొని గొడుగును వెదకక వానలోనికి నడిచెను.

యాకూబు తన యింటిముందరి రేకులసాయబానులో సైకిలు గొట్టమును నీటితొట్టిలో ముంచి బుడగలు చూచుచుండెను. ప్రక్కన నాతని భార్య కరీమాబీ యుల్లిగడ్డలు తరుగుచుండెను. అరుగుమీద బీడీలు చుట్టు నాడువారు నలుగురుండిరి. పోశెట్టి తడిసిన బట్టలతో వచ్చి నిలువగనే చేటలలో కత్తెరలు నిలిచిపోయెను.

"యాకూబు, డిస్కు సూసిన. తొమ్మిది ముందల, పది ఎనుక. నేనే తారుమారు జేసిన. తప్పు నాదే."

యాకూబు గొట్టమునుండి కన్ను దీయలేదు. "జెర గట్టిగ జెప్పు. వానకు చెవులు ఇనవడ్త లెవ్వు."

పోశెట్టి గట్టిగా జెప్పెను.

"గా కొసకున్న లచ్చవ్వకు ఇనవడలే గావచ్చు. ఏం లచ్చవ్వా, ఇనవడ్డదా."

"లేదు యాకూబన్నా, ఒక్క ముక్క గూడ," అని లచ్చవ్వ నిబ్బరముగా ననృతమాడెను. ఆడువారందరును కొంగులను నోటికడ్డము బెట్టుకొనిరి.

పోశెట్టి మూడవమారు వీధి యీ కొసనుండి యా కొసకు మ్రోగునట్లు ఒప్పుకొనెను. అప్పుడు యాకూబు గొట్టమును వదలి చేతులు తుడుచుకొని "పద్దెనిమిదేండ్లల గిది మొదటి మంచి మాట నీ నోట్లకెల్లి. పా, సూద్దం. నాకు సాచ్చం గావాలె," అని ముందు నడిచెను.

వీధియంతయు వెంటబడెను. వాన కురియుచున్న యాదివారమున మఱి పని యేమున్నది. ముందుగదిలో పట్టనివారు తలుపుకడ నిలిచిరి. పోశెట్టి మంచము యాకూబునకిచ్చి తాను నేలపై గూర్చుండి యీసారి సరియైన వరుసలో బొమ్మను నడిపించెను. యాకూబు జయించినవాని ఠీవితో కాలుపై కాలు వేసికొనెను. రెక్కను బాగుచేయునప్పుడు మీసము దువ్వెను. వంతెనపై వైద్యుడొరిగినప్పుడు కాలు దింపెను. తుదకు వీరుడొంటరిగా బోవునప్పుడు మెడలోని తువాలుతో మొగము తుడుచుకొనెను.

"గింతేనా. ఖతమేనా," అనెను.

"గింతే. నువ్వన్న వరుసే ఇది," అని పోశెట్టి.

యాకూబు గొంతు తగ్గించి పలికెను.

"అరె పోశెట్టి, నేనొకటి జెప్త. కోపం జెయ్యకు. రెండో వారంల మెట్‌పల్లోళ్ళు నన్ను వట్టుకున్నరు. కోరుట్లల ముసలోడు లేస్తుండట, మా దగ్గర లేస్తలేడేందని లొల్లి. ఆపరేటరుకు జెప్పకుండ డబ్బాలు మార్చి ఇచ్చింది నేనే. అక్కడ గూడ లేచిండు. అక్కడ గూడ కాయలు గొట్టిండ్రు."

పోశెట్టి విభ్రాంతుడై "మల్ల నన్నెందుకు తప్పంటివిరా. పద్దెనిమిదేండ్లు ఎందుకు మాట్లాడకుంటివి," అని యడిగెను.

"నువ్వు తెల్వక జేసినవ్. నేను తెలిసి జేసిన. నీ కంటె నేనే మంచి ఆపరేటరునని ఎవ్వలకు జెప్పుకోవాలె. నీకు జెప్పుకుందమంటె నువ్వు మాట్లాడకంటివి."

మొదట రాజవ్వ నవ్వెను. పిదప కరీమాబీ నవ్వెను. ఆ నవ్వు గుమ్మము దాటి యరుగు దాటి వీధిలోనికి బారెను. పోశెట్టి మాత్రము నవ్వలేక నేలపైనుండి లేచి యాకూబు ప్రక్కన మంచముపై గూర్చుండి వాని భుజమున చేయి వేసెను. యాకూబు దానిని దన చేతితో నొక్కిపట్టుకొనెను.

తలుపుకడనుండి లచ్చవ్వ "అన్నా, ముసలోన్ని గట్ల సంపి ఊకుంటరా. మా కోరుట్ల సిన్మ ఏదీ. అది వెట్టు," అనెను. అందరును నదే మాట యెత్తుకొనిరి.

పోశెట్టి రిమోటును జేతబుచ్చుకొనెను. ఇప్పుడు తొందరపెట్టువారు లేరు. చీటీలు తడియలేదు. యజమాని లేడు. తెలిసి నిండు బుద్ధితో నిండు వెలుతురుతో నతడు పదవ ఘట్టమును ముందు నడిపి పిదప తొమ్మిదవదానికి వెనుకకు దాటించెను. వంతెనపై వానలో నొరిగిన వైద్యుడు మరుక్షణమున ద్వారము తెరచికొని చిరునవ్వుతో నడచివచ్చెను. గడ్డపు వెండ్రుకలలో చినుకు లేదు. మడత నలగని తెల్లచొక్కా. ఇంత స్పష్టముగా నాతని బ్రదుకును కోరుట్ల యెన్నడును జూచియుండలేదు. గది యీలలతో నదరెను. ఎవడో తువాలు విసరెను. చేటలోని బీడియాకు చినుకులవలె రాలెను. కరీమాబీ చేతిలో నింకను నున్న యుల్లిగడ్డను దిష్టి దీసి గుమ్మమునకు గొట్టెను.

ఆ సాయంకాలము వాన వెలిసి పడమట మబ్బు చీలి బంగారుకాంతి వీధిలోని నీటిగుంటలపై బడుచుండగా నిండ్లకు మరలుచున్నవారికి పోశెట్టి గదినుండి రెండు ముసలి గొంతుకలు వినవచ్చెను. వైద్యుని లేపుట పదవ రీలు వెంటనే యగునా లేక వీరుడొంటరియై పోయినపిదప నన్నింటికిని దుదను లేపినచో నింకను బాగుండునా యని వివాదము. నీకేమి తెలియునని యొకడు, నీకే తెలియదని యొకడు, మంచము గ్రుద్దుచు గొంతు చించుకొనుచుండిరి. అరుగులమీదివారు దీపములు వెలిగించుకొనుటయు మరచి చెవియొగ్గి వినుచుండిరి. మౌనముగ నున్న యిండ్లు పాడుబడును గాని కలహించు నిండ్లు పాడుబడవు. పదునెనిమిది వర్షములు మూగయై యుండిన యా వీధికి నా తిట్లు పెండ్లిమేళమువలె వినిపించెను.