కిటికీ మీద అతికించిన మాట

ఎండ బల్ల మీద పడింది.

నలుచదరంగా, గోరువెచ్చగా.

ఆ ఎండలో ఒక చిప్. వేలెడు పొడవు, నల్లటి ఒళ్ళు, రెండు వైపులా సన్నటి కాళ్ళు. నడుమ చొక్కా గుండీ అంత గాజు కిటికీ.

ఆరు రోజులుగా అది అక్కడే ఉంది... కిటికీ తెరుచుకుని.

దాన్ని అక్కడ పెట్టింది నేనే.

నాన్న పాత టర్బో కార్ల మెకానిక్. వీధిలో అందరికీ చిప్పుల డాక్టరు. కారు కంప్యూటర్ పెట్టెలోని చిప్ తీసి, కొత్తగా రాసి, మళ్ళీ గుచ్చేవాడు. ఎంత పెట్రోలు పొయ్యాలి, ఎప్పుడు నిప్పు రాజెయ్యాలి, టర్బోని ఇంజనులోకి ఎంత గట్టిగా గాలి ఊదనివ్వాలి — అన్నీ ఆ చిప్ చెబుతుంది, ఇంజను వింటుంది.

వచ్చినవాళ్ళందరిదీ ఒకటే కోరిక. కాలు నొక్కగానే వీపు సీటుకి అతుక్కుపోవాలి.

నాన్న అతికించి పంపేవాడు.

అమ్మ కారుకి మాత్రం అలా రాయలేదు.

అమ్మకి కుదుపు పడదు. గట్టి మలుపు తిరిగితే చాలు, కడుపులో తిప్పుతుంది. అందుకని నాన్న ఒక ఎండాకాలమంతా అమ్మని పక్కన కూర్చోబెట్టుకుని ఆ కారులో ఊరి మిట్ట ఎక్కాడు, దిగాడు, చెరిపాడు, రాశాడు. మీటర్లు చూసి కాదు, అమ్మ ముఖం చూసి రాశాడు. చివరికి టర్బో వచ్చేది... వచ్చినట్టు తెలిసేది కాదు. మిట్టే కాస్త వంగి దారి ఇచ్చినట్టుండేది.

ఆ చిప్ కిటికీ మీద కాగితం ముక్క అతికించి ఒక్క మాట రాశాడు.

మెల్లగా.

మిగతా చిప్పులన్నిటికీ నంబర్లే.

నాన్న పోయి పది నెలలు. అమ్మ ఆయన ఫొటో ముందు కూర్చోదు. ఆదివారం ఆదివారం కారులో ఆ పక్క సీట్లో కూర్చుంటుంది. మిట్ట ఎక్కించమంటుంది. కళ్ళు మూసుకుంటుంది. అంతే.

ఆయన బల్ల, ఆయన స్టూలు, ఆయన పని ఇప్పుడు నావి. అందుకే నాకింత సిగ్గు.

అమ్మ కారు కంప్యూటర్ పెట్టె శుభ్రం చేద్దామని విప్పాను. ఆ అక్షరాలు కనిపించాయి. వత్తుకి ఆయన పెట్టే పొడుగాటి తోక... మనసు ఆగలేదు. గోటితో కాగితం లేపి పర్సులో దాచుకున్నాను. చిప్‌ని బల్ల మీద వదిలేసి వేరే పనుల్లో పడిపోయాను.

ఆ కాగితం ఉన్నది పేరు కోసం కాదు. ఎండ సోకకుండా. ఆ గాజులోంచి ఎండ లోపలికి దిగితే, రాసిందంతా కొంచెం కొంచెంగా చెరిగిపోతుంది. నాన్న నాకు నేర్పిన మొదటి పాఠం అదే.

ఆయన చేతిరాత దాచుకోబోయి... ఆయన రాసిందంతా ఎండలో పెట్టాను.

చిప్‌ని చదివే పెట్టెలో గుచ్చాను. లోపలి అంకెలన్నీ కూడి ఒక మొత్తం చూపించింది. మళ్ళీ చదివాను. ఇంకో మొత్తం. మూడోసారి, మూడో మొత్తం.

చెరిగిపోవడం మొదలైంది.

అప్పుడు గుర్తొచ్చింది. వెలిసిపోతున్న చిప్‌ని మామూలు కరెంటుతో చదవకూడదు. తగ్గించి చదవాలి. "గట్టిగా అడిగితే బెదిరిపోతుందే. బుజ్జగించి అడుగు," అనేవాడు నాన్న.

కరెంటు తగ్గించాను. బుజ్జగించాను.

ఒక్కొక్క అంకే వచ్చింది. ఒక్కొక్క అంకెకీ ఏడ్చాను.

పదకొండు చోట్ల మాత్రం రాలేదు. పదకొండూ టర్బో మేలుకునే చోటే.

వచ్చినవన్నీ కొత్త చిప్‌లోకి ఎక్కించి, ఆ పదకొండూ నేనే రాశాను. అటూ ఇటూ ఉన్న అంకెలు చూసి... ఇంకేం తోచక, అమ్మ ముఖం తలుచుకుని.

అమ్మకి చెప్పేసి, పర్సులోంచి కాగితం తీసి ఇచ్చాను. దాచడం నా వల్ల కాలేదు.

అమ్మ ఆ కాగితాన్ని చాలాసేపు చూసింది.

"ఆయన రాసింది ఒక్కటే మాట. అది చదివి కూడా తొందరపడ్డావా తల్లీ?"

నవ్వింది. కళ్ళు తుడుచుకుంది. కొత్త చిప్ కిటికీ మీద కాగితం తనే అతికించింది, వేలితో అదిమి, అదిమి.

"పద. తాళాలు తీసుకో."

మిట్ట మొదలైంది. కాలు నొక్కాను. అమ్మ కళ్ళు మూసుకుంది.

టర్బో సన్నగా ఈల వేసింది. వచ్చింది... వచ్చినట్టు తెలిసిందా? నాకు తెలియదు. ఆ మిట్ట మీద అది తెలిసేది ఒక్కరికే.

పైకి చేరి కారు ఆపాను. ఆయనేనా అమ్మా — అని అడగబోయి ఆమె వైపు తిరిగాను.

అమ్మ కళ్ళు తెరవలేదు.

"ఇంకోసారి ఎక్కించు," అంది.

ముందు అద్దంలోంచి ఎండ ఆమె ఒళ్ళో పడింది.

నలుచదరంగా, గోరువెచ్చగా.

అమ్మ దాన్ని అరచేత్తో కప్పబోయింది... అది చేతి మీదికి ఎక్కింది.