నాలుగడుగుల లెన్సు

శ్రీకాంత్‌కి నోళ్లంటే అసహ్యం. పళ్ల డాక్టరు చదువు చదివి, అరకు కొండల్లో చిన్న ఆసుపత్రిలో చేరి, రోజూ నోళ్లలోకి తొంగిచూస్తూ జీతం తీసుకునేవాడు ఈ మాట పైకి ఎలా అంటాడు? కాలేజీలో చూసినవి శుభ్రంగా తోముకొచ్చిన నోళ్లు. ఇక్కడ సంతరోజు వచ్చేవి వేరు. ఈ కొండల్లో చాలామంది ఆడవాళ్లు అడ్డపొగ తాగుతారు. అంటే చుట్ట మండే కొసని నోట్లో పెట్టుకుని పెదాలు బిగిస్తారు. నుసి మింగేస్తారు. ఏళ్ల తరబడి ఆ సెగకి అంగిలి కమిలిపోయి, ఒక్కోసారి పుండు పడుతుంది. ఆ కంపు శ్రీకాంత్‌కి పడేది కాదు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుంటే పొద్దున చూసిన నోళ్లే కళ్లముందు ఆడేవి.

తొంభై ఎనిమిదిలో విశాఖపట్నం సర్జన్ సత్యనారాయణగారు ఒక ఏర్పాటు చేశారు. అనుమానం ఉన్న ప్రతి మనిషినీ రైలెక్కించి కిందికి దింపడం అయ్యే పని కాదు. పుండుకి ఫొటో తీసి పంపితే చాలు, కోత అవసరమైన వాళ్లకి తన ఆసుపత్రిలో మంచం తాను ఇప్పిస్తానన్నారు. అంటే మంచం దొరకడమూ దొరకకపోవడమూ ఇక ఫొటో చేతిలో ఉంది. కెమెరా ఎంచి కొనుక్కొచ్చే పని శ్రీకాంత్ మీద పడింది.

విశాఖలో కెమెరా దుకాణం వీరభద్రరావుది. మనిషి నిక్కచ్చి.

"నోటి లోపలికైతే, దగ్గరి ఫొటోలకని చేసిన ఈ వంద మిల్లీమీటర్ల మాక్రో లెన్సు తీసుకోండి సార్. దీని మూతికి రింగు ఫ్లాషు తగిలిస్తే చుట్టూరా వెలుగొస్తుంది, నీడ పడదు. పుండు అంచు కూడా స్పష్టంగా కనిపిస్తుంది. కాకపోతే మనిషికి మూరెడు దూరంలోకి వెళ్లాలి."

మూరెడు! ఆ మాట వింటూనే శ్రీకాంత్‌కి కంపు కొట్టినట్టే అయింది.

"కాస్త ఎడంగా ఉండి తీసేది లేదా?"

"ఈ జూము ఉంది. నాలుగడుగుల నుంచి తీయొచ్చు. మాక్రో అని రాశారు గానీ అది పేరుకే. పువ్వులకీ, సీతాకోకచిలకలకీ బాగుంటుంది. నోటి పుండుకైతే నేను చెప్పను సార్."

వద్దన్నదాన్నే ఏరికోరి పుచ్చుకున్నాడు మహానుభావుడు. దగ్గరికి వెళితే కొండవాళ్లు బెదిరిపోతారని ఆసుపత్రిలో చెప్పాడు. అందరూ అతని దయకి మెచ్చుకున్నారు. నిజానికి ఎవరు ఎవరికి బెదిరారో అతనొక్కడికే తెలుసు.

ఆ తర్వాతి సంతకి సోములమ్మ వచ్చింది. కాఫీ తోటల్లో పళ్లు కోసే మనిషి, నలభై దాటి ఉంటాయి.

"నొప్పి నేదు బాబూ. అంబలి తాగితే మండతాది, అంతే."

నోరు తెరిచింది. అంగిట్లో రూపాయి బిళ్లంత నల్లటి పుండు, తెల్లగా పైకి లేచిన అంచులు. వాసన ముఖానికి కొట్టింది. శ్రీకాంత్ కుర్చీ వెనక్కి తోసి, కిటికీ దగ్గరికి పోయి, రుమాలు ముక్కుకి అదుముకుని నిలబడ్డాడు. కెమెరాలో ఇంకా సగం రీలుంది. అయినా అయిపోయిందన్నాడు.

"వచ్చే సంతకి రా. ఫొటో తీసి పెద్ద డాక్టరుకి పంపుదాం. అది చూసి ఆయన చెబుతాడు."

ఆమె పమిటతో నోరు కప్పుకుని, సరేనని తలూపి వెళ్లిపోయింది.

చెప్పినట్టే మళ్లీ సంతకి వచ్చింది. నర్సు బేబి ఆమె వెనక నిలబడి, తల వెనక్కి వాల్చి, పై పెదవి ఎత్తి పట్టుకుంది. శ్రీకాంత్ నాలుగడుగుల అవతల మోకాళ్ల మీద కూర్చుని ఫొటోలు తీశాడు. ఈసారి కంపు లేదు. దూరం మహిమే అనుకున్నాడు.

ఫొటోలు కడిగించి చూస్తే అంగిలి ఎర్రగా, నున్నగా ఉంది. నల్ల మచ్చ లేదు. పోయిన వారం చూసిన పుండు ఏమైందని అతనికి తోచకపోలేదు. కానీ మానుతోందని సరిపెట్టుకుంటే ఆ నోరు మళ్లీ చూడక్కర్లేదు. సరిపెట్టుకున్నాడు. ఫొటోలు అందాక సత్యనారాయణగారు ఫోన్ చేశారు.

"పుండేదయ్యా? ఎర్రదనమే కదా. పొగ మాన్పించు చాలు. మంచం ఇంకొకరికి ఇస్తున్నాను."

శ్రీకాంత్ చేతులు దులుపుకున్నాడు.

వానలు వెళ్లాక, కాఫీ పళ్లు ఎర్రబడే వేళకి సోములమ్మ మళ్లీ వచ్చింది. మనిషి సగమైపోయింది. మాట ముక్కులోంచి వస్తోంది. తాగిన నీళ్లు కూడా ముక్కులోంచే వస్తున్నాయంది. శ్రీకాంత్ టార్చి వేసి, ఊపిరి బిగబట్టి వంగాడు. అంగిలి మధ్యలో అదే నున్నటి ఎరుపు. దాని అంచున చీము ఊరుతోంది. పరికరం కొసతో తాకితే లోపలికి దిగింది. లాగితే ముద్దగా ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక అంగిలి లేదు. ముక్కుదాకా తొర్ర.

గది నిండా కుళ్లు కంపు. బేబి ముక్కు మూసుకుని బయటికి పరుగెత్తింది. శ్రీకాంత్ బేసిన్‌లో వాంతి చేసుకున్నాడు. ఇక ఏ సర్జనూ ఏమీ చేయలేడని అతనికి తెలుసు. ముఖం కడుక్కుని అద్దంలో చూసుకుంటే మళ్లీ వాంతి వచ్చినంత పనయింది.

"ఏంటమ్మా ఇది?"

"తేనిమైనం బాబూ. పసుపూ సున్నం నూరి కలిపినాను. ఎర్రగా నోటి కండ రంగులోకి వచ్చినాది."

"ఎప్పటి నుంచి పెడుతున్నావు?"

"నువ్వు పొటో తీసినావు సూడు, ఆయేల నుంచి."

"పుండు చూపించడానికే కదమ్మా ఫొటో!" గొంతు చించుకుని అరిచాడు. "దాన్నెందుకు మూశావు?"

సోములమ్మకి కోపం రాలేదు. పమిట చెంగుతో మూతి తుడుచుకుని, అతనికి దూరంగా ముఖం తిప్పుకుని చెప్పింది.

"ముందు సంతకి నోరు తెరిత్తే నువ్వు కిటికీ కాడికి ఎల్లిపోనావు కదా బాబూ. ఆ కంపు నాకే పడదు, నీకేటి పడతాది? కంపు నేకండా మూసుకొత్తే దగ్గరికొచ్చి సూత్తావనుకున్నాను. అయినా నువ్వు రానేదు."