ఐదు పనులకు ఒకటే సోమవారం

కందిలి గాజు తుడుస్తున్నాను. బూడిద అద్దిన గుడ్డను లోపలికి తోసి తిప్పితే మసి ఊడి వస్తోంది. తెలంగాణ రాష్ట్రం కోసం సమ్మె మొదలై నెల దాటింది. భూపాలపల్లి బొగ్గు బావుల్లో పని ఆగిపోయింది. జనగామలో కరెంటు ఎప్పుడొస్తుందో, ఎంతసేపు ఉంటుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. అందుకే రోజూ పొద్దున్నే ఈ పని నాకు తప్పడం లేదు.

ఆ రోజు ఆదివారం. ప్రకాశ్ మా ఇంటికి వస్తానన్నాడు. గాజు తేటపడ్డా తుడుస్తూనే ఉన్నాను.

మాది చిన్న ఆఫీసు. మా యజమాని సోమేశ్వర్ సార్ వాళ్ల నాన్నగారి బియ్యం హోల్‌సేల్ దుకాణం మీద రెండు గదులు. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ పంపే సాఫ్ట్‌వేర్ పనులను విజయ్, నితిన్, ప్రకాశ్ చేసేవారు. ఎవరు ఏ పని ఎప్పుడు మొదలుపెట్టారో, ఎప్పుడు ముగించారో కంప్యూటర్‌లో ఎక్కించి రిపోర్టు తీయడం నా పని. సార్ అందులో మొదట చూసేది సైకిల్ టైమ్. అంటే, ఒక పని చేతిలోకి తీసుకున్న రోజు నుంచి ముగించిన రోజు దాకా ఎన్ని రోజులు పట్టిందనేది. ఊరి బడిలో చదువుకుని వచ్చిన నాకు ఆ తేదీలు సరిగ్గా ఎక్కించడం తప్ప వేరే విద్య లేదు.

ప్రకాశ్‌ది దంతాలపల్లి దగ్గర తండా. జనగామలో గది తీసుకుని ఉండేవాడు. చిక్కు పనులన్నీ అతనికే వెళ్లేవి. ఒకటి ముగిశాకే ఇంకొకటి తెరిచేవాడు. ఏ రోజు ఏది చేశాడో చిన్న నోట్‌బుక్కులో రాసి, శనివారం నా బల్ల మీద పెట్టేవాడు. సాయంత్రం ఆరు దాటాక చౌరస్తాలోని దీక్షా శిబిరానికి వెళ్లి కూర్చునేవాడు.

సమ్మె రోజుల్లో తేదీలు ఏ రోజుకారోజు ఎక్కించడం కుదరలేదు. ఒక సోమవారం కరెంటు పోకముందే అయిపోవాలని, అందరి పేరున ఉన్న పనులన్నిటికీ ఒకేసారి ‘మొదలైంది’ అని నొక్కేశాను. విజయ్ పేరున ఒకటి, నితిన్ పేరున ఒకటి ఉన్నాయి. ప్రకాశ్ పేరున ఐదు ఉన్నాయి.

విజయ్‌కు, నితిన్‌కు తలా నాలుగు రోజులు పట్టింది. ప్రకాశ్ ఒక్కో పనికి రెండు రోజుల చొప్పున పది రోజుల్లో ఐదూ ముగించాడు. కానీ కంప్యూటర్‌కు తెలిసింది నేను నొక్కిన సోమవారం ఒక్కటే. అతని మొదటి పనికి రెండు రోజులు చూపింది. తర్వాతి వాటికి నాలుగు, ఆరు, ఎనిమిది, పది. సగటు ఆరు.

రిపోర్టు తీయగానే ఆ ఆరు దగ్గర ఆగాను. నోట్‌బుక్కు తెరిచి చూస్తే రెండు వచ్చింది. తప్పు ఎక్కడ జరిగిందో వెంటనే అర్థమైంది. సార్‌తో చెబుదామని లేచాను కూడా. ఆయన ఫోన్‌లో హైదరాబాద్ వాళ్లతో, “మా దగ్గర తేదీలల్ల తప్పనేదే ఉండది సార్” అంటున్నారు. ఒకరిని తీసెయ్యమని హైదరాబాద్ వాళ్లు అడుగుతున్నారని నాకు అప్పటికే తెలుసు. తప్పు చెబితే ఆ ఒక్కరు నేనే అవుతాననిపించింది. మళ్లీ కూర్చున్నాను. రేపు చెబుదాంలే అనుకున్నాను.

రిపోర్టు తీసిన ఆ రోజూ సోమవారమే. శుక్రవారం దాకా అదే అనుకున్నాను.

శుక్రవారం సార్ రిపోర్టు పట్టుకుని మా గదిలోకి వచ్చారు.

“ఏంది ప్రకాశ్, వాళ్లకు నాలుగు రోజులు, నీకు ఆరు. రాష్ట్రం నువ్వొక్కనివే తెస్తున్నవా?”

నితిన్ నవ్వాడు. విజయ్ కీబోర్డు మీద దుమ్ము ఊదాడు.

“ఆరు దాటినంకనే పోతున్న సార్” అన్నాడు ప్రకాశ్. “అయినా లెక్క గట్ల వచ్చిందంటే, పని మీద కూసున్నప్పుడు గూడ నా మనసు అటే ఉన్నదేమో. నాకే తెల్వలే” అన్నాడు.

నేను ప్రింటర్‌లో కాగితాలు సర్దుతూ ఉండిపోయాను. ఆ సాయంత్రమే ప్రకాశ్‌ను రేపటి నుంచి పనిలోకి రావద్దన్నారు సార్.

“మాధవక్కా, ఉన్నవా?”

అన్నట్టే ప్రకాశ్ వచ్చాడు. గడప అవతల చెప్పులు విడుస్తున్నాడు. వంటింట్లోంచి అమ్మ పలికింది. “రా కొడుకా, కూసో. మీ అక్క పొద్దటి సంది గా ఒక్క గాజే తోముతున్నది. అరిగి పలుసనైతదేమో చూడు.”

“మా అవ్వయితే తుడువనే తుడువదమ్మా. మసితోనే ముట్టిస్తది” అని నవ్వుతూ చాప మీద కూర్చున్నాడు. “అక్కా, ఎక్స్‌పీరియన్స్ లెటర్ అయిందా? చెల్పూర్ కరెంటు ఫ్యాక్టరీ కాడ కాంట్రాక్టరు ఆఫీసుల రేపే రమ్మన్నరు. రిపోర్టు గూడ తెమ్మన్నరు. ఆరు రోజులని చూస్తే ఏమంటరో.”

సార్ సంతకం చేసిన లెటర్, రిపోర్టు ఇచ్చాను. మూడో కాగితం ఇవ్వడానికి కొంచెంసేపు పట్టింది.

“గిదేంది?”

“నీ నోట్‌బుక్కు తేదీలతోని మళ్ల తీసిన. ఐదు పనులకు ఒక్కటే సోమవారం నొక్కిన నేను. తప్పు నాది. నీకు రెండు రోజులే, ప్రకాశ్.”

వేలు పెట్టి వరుస వరుసా చూశాడు. అతని ముఖం విచ్చుకుంది.

“అంటే నేను ఆలస్యం జేయలే.”

“చేయలే.”

“శుక్రవారం సంది నేను శిబిరానికే పోతలేనక్కా. పాడు బుద్ధి నాదే అనుకున్న.” మళ్లీ కాగితం వైపు చూసి, “ఎప్పుడు తెలిసింది నీకు?” అన్నాడు.

“సోమవారం.”

“గీ వారం సోమవారమా?”

తలూపాను. అతని బొటనవేలు వేళ్ల కణుపుల మీద నాలుగుసార్లు కదిలి, శుక్రవారం దగ్గర ఆగింది.

“సార్ సంతకం లేదు దీని మీద” అన్నాడు కాగితం కిందివైపు చూసి.

“సార్‌కు ఇంకా చెప్పలే.”

అమ్మ చాయ్ తెచ్చింది. “బస్సులు నడుస్తలేవు గద, అంత దూరం ఎట్ల పోతవ్ కొడుకా?”

“మా బావ బండున్నదమ్మా” అన్నాడు. గ్లాసు అందుకుని, తాగకుండానే కింద పెట్టాడు.

లెటర్‌ను, ఆరు రోజులున్న పాత రిపోర్టును కలిపి మడిచి జేబులో పెట్టుకున్నాడు. రెండు రోజులున్న కాగితాన్ని నా ముందు చాప మీద పరిచి, గాలికి ఎగరకుండా దాని మీద కందిలి గాజు ఉంచాడు. తర్వాత లేచి, గడప దాటి, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.