రెండోసారి తీయని జిరాక్సు

మా స్థలం పోవడానికి కారణం ఎవరంటే, ఎవరేమనుకున్నా సరే, కిటికీ ప్లీడరమ్మే అంటాను. ఆవిడ ప్రభుత్వం తరఫు వకీలు. జనం ఏదో ఒక ఆఫీసుకెళ్ళి కాగితాలు అడుగుతారు. వాళ్ళు ఇవ్వం పొమ్మంటారు. అడిగినవాళ్ళు కోర్టుకెక్కుతారు. అప్పుడు జడ్జి ముందు నిలబడి, "ఇది ఇవ్వచ్చు, ఇది ఒకరి సొంత సంగతి, ఇవ్వకూడదు" అని వాదించేది ఆవిడే. బయటికి పోయే ప్రతి కాగితాన్నీ కిటికీ అద్దానికి ఆనించి చూస్తుంది కాబట్టి మేమంతా ఆ పేరు పెట్టాం.

నేను ఆవిడ గదిలో అటెండర్ని. ఏడో తరగతిలో బడి మానేసినవాడికి అంతకన్నా ఏం దొరుకుతుంది? ఆవిడ పెన్సిల్ గీత పెట్టిన చోటల్లా నకలు మీద నల్ల మార్కరు పూయడం నా పని. పేర్లు, ఫోన్ నంబర్లు, ఎవరికే జబ్బు ఉందో, అన్నీ. పూశాక జిరాక్సు తీయాలి. దాని మీద మళ్ళీ పూసి, మళ్ళీ జిరాక్సు తీయాలి. ఒక్కసారితో సరిపెడితే నలుపు కింద అక్షరాలు లీలగా తెలుస్తాయి. పదకొండేళ్ళుగా అదే పని. నా వేళ్ళు చూసి అందరూ "మసి బాబాయ్" అంటారు.

ఇక నా గోల. ఎన్నాళ్ళో కూడబెట్టి మా ఆవిడ పేరున చిన్న స్థలం కొన్నాను. పక్క స్థలంలో ఇల్లు కడుతున్న మేస్త్రీ గోడను మా వైపుకు జరిపేశాడు. నిలదీస్తే సర్వే ఆఫీసు కొలత కాగితం ఒకటి మొహాన పెట్టాడు. హద్దు అక్కడేనట. మా ఇంటి తరఫు మనిషే దగ్గరుండి ఒప్పుకుని సంతకం పెట్టాడట. ఎవరయ్యా ఆ మనిషి అంటే నవ్వుతాడు, సంతకం ఉన్న పేజీ మాత్రం చూపించడు.

కొలతను కాదనడానికి గడువు ఏడాది. "సంతకం ఎవరిదో చెప్పి, ఆ మనిషికి మీరు అధికారం ఇవ్వలేదని రాయాలి. లేకపోతే అర్జీ గుమ్మం కూడా దాటదు" అని అర్జీలు రాసేవాడు తేల్చేశాడు. మా ఆవిడ చేత కొలత ఫైలు అడిగించాను. ఇవ్వం పొమ్మన్నారు. కోర్టుకెక్కించాను.

కేసు మా గదికే వచ్చింది. మా ఆవిడ పేరు ఆఫీసులో ఎవరికీ తెలియదు. చెప్తే ఉద్యోగానికి ఏం ముప్పో అని నోరు మూసుకున్నాను. నిజం చెప్పాలంటే లోపల సంతోషించాను కూడా. ఫైలు నా చేతుల మీదుగానే కదా పోయేది.

గడువుకు ఇరవై రెండు రోజులుందనగా ఫైలు నా బల్ల మీదికొచ్చింది. మూడో పేజీలో సంతకం, దాని కింద పేరు, ఆ పేరు కింద ప్లీడరమ్మ పెన్సిల్ గీత. చదివాను. మా బావమరిది! మా ఆవిడ సొంత తమ్ముడు!

ఫోటో తీద్దామంటే ఫోన్లు గుమ్మం దగ్గర అరలో పెట్టి రావాలి. పేరు తెలిసిందని అర్జీలో రాస్తే, ఎలా తెలిసిందని మొదట నన్నే పట్టుకుంటారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మా ఆవిడతో అన్నాను.

"సంతకం పెట్టింది మీ తమ్ముడే."

"ఏదీ, కాగితం చూపించండి."

"కాగితం తేకూడదే. నా కళ్ళారా చూశాను."

"చూస్తారు, చూస్తారు. వాడు మేడ మీద గది వేసుకున్నప్పటి నుంచీ మీ కళ్ళకి వాడు తప్ప ఇంకేం కనబడుతోంది?"

"ఆ గది కట్టింది ఎవరనుకున్నావ్? ఆ మేస్త్రీయే!"

"ఊళ్ళో సగం ఇళ్ళు అతనే కట్టాడు. అందరూ సంతకాలు పెట్టారా ఏంటి? కాగితం తెండి. అప్పుడు నేనే వాడి గుమ్మంలో నిలబడి అడుగుతా."

మర్నాడు మూడో పేజీ మీద ఒక్కసారే మార్కరు పూశాను. ఒక్కటే జిరాక్సు తీశాను. రెండోది తీయలేదు. ఆ కాగితం దానంతటదే మా ఆవిడకే చేరుతుంది. ఎండలో పట్టుకుంటే చాలు, తమ్ముడి పేరు తనే చదువుకుంటుంది. నలభై పేజీల్లో ఒక్క పేజీ ఎవరి కంట పడుతుందిలే అనుకున్నాను.

ప్లీడరమ్మ నలభై పేజీలూ కిటికీకి ఆనించింది. మూడో దాని దగ్గర ఆగింది.

"బాబాయ్, ఇది రెండోసారి తీయలేదే?"

"మర్చిపోయుంటానమ్మా."

"పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఈ ఒక్క పేజీకే మరుపొచ్చిందా?" కళ్ళజోడు తీసి నా వైపు చూసింది. "ఈ కేసు వేసినావిడ మీకేమవుతుంది?"

ఆవిడ ఆ పేజీని కిటికీ మీంచి దించలేదు.

"మా ఆవిడమ్మా."

ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టింది. తర్వాత మెల్లగా అంది. "మొదటి రోజే చెప్పుంటే ఈ ఫైలు పక్క గదికి పంపేదాన్ని బాబాయ్. అక్కడి ప్లీడరు గారు సాక్షుల పేర్లు దాచరు. ఇచ్చేయమనే అంటారు. ఇప్పటికి కాగితం మీ ఇంట్లో ఉండేది."

"పోనీ ఇప్పుడు పంపండమ్మా. గడువు ఇంకా మూడు వారాలుంది."

"పంపుతాను. కానీ ఎందుకు పంపుతున్నానో జడ్జి గారికి చెప్పాలి."

"చెప్పకపోతే ఎవరికి తెలుస్తుందమ్మా? నేను చెప్పను, మీరు చెప్పరు."

"నాకు తెలుసు కదా. ఈ గదిలోంచి వెళ్ళిన కాగితాన్ని జడ్జి గారు చదివి చూడరు, నా మాట మీద నమ్ముతారు. ఒక్కటి దాస్తే ఆ నమ్మకానికి నేను తగను."

ఆవిడ నమ్మకం ఆవిడది. నా గోడ సంగతి ఎవరికి పట్టింది?

జడ్జి గారికి అంతా చెప్పింది. నా మీద కోపం పెట్టుకోలేదు, అదొక్కటి ఒప్పుకుంటాను. తొందరగా వాయిదా ఇవ్వమని రెండుసార్లు అడిగింది కూడా. జడ్జి గారు జరిగిందేమిటో ముందు తేల్చాలన్నారు. నా చేత వాంగ్మూలం రాయించుకున్నారు. నన్ను ఉత్తరాలకు అంకెలు వేసే సెక్షన్‌లో పడేశారు. ఫైలు పక్క గదికి చేరేసరికి రెండు వారాలు. ఆ ప్లీడరు గారు చదివి, ప్లీడరమ్మ అన్నట్టే, ఒక్క పూటలో "పేరు ఇవ్వచ్చు" అని రాసేశారు. దాని మీద ముద్రలు పడి, పోస్టులో మా ఇంటికొచ్చేసరికి గడువు దాటి తొమ్మిది రోజులైంది.

మా ఆవిడ వరండాలో నిలబడి మూడో పేజీ తీసింది. నలుపన్నదే లేదు. పేరు కడిగినట్టు శుభ్రంగా ఉంది. రెండుసార్లు చదివి, తమ్ముడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. కట్ చేశాడు.

"ఇప్పుడు నమ్ముతావా?" అన్నాను.

"నమ్మి ఏం చేయమంటారు?" అంది.

అదే కాగితం పట్టుకుని అర్జీలు రాసేవాడి దగ్గరికి పరిగెత్తాను. తేదీ చూశాడు. తల అడ్డంగా ఊపి తిరిగి నా చేతిలో పెట్టాడు. మేస్త్రీ గోడకి సున్నం కూడా వేయించేశాడు. ప్లీడరమ్మ ఆ రోజు కిటికీ దగ్గరికి వెళ్ళకుండా ఉంటే ఏం పోయేది? గోడ అవతల ఉండిపోయిన మా నేల, మా దస్తావేజులో ఉన్నదాంట్లోంచి ఆ కొలత కాగితంలో ఉన్నది తీసేస్తే, ముప్పై ఏడున్నర చదరపు గజాలు.