ఊగని పెట్టె

మా అన్నయ్య రేవులో క్రేను నడిపేవాడు. నేను లిఫ్టులు బాగుచేస్తాను. ఎత్తడం, దించడం తప్ప ఈ అన్నదమ్ములకు ఇంకేం చేతకాదని వదిన మమ్మల్ని ఆటపట్టించేది.

క్రేను తాడుకు వేలాడే సరుకు పెట్టె గాలికి ఊగుతుంది. ఊపు ఎటు వస్తోందో పసిగట్టి, క్రేనును అటే కాస్త జరిపితే ఊపు చస్తుంది. అన్నయ్యకు అది వెన్నతో పెట్టిన విద్య. రేవువాళ్లు ఊపును వాటంతటవే ఆపుకొనే క్రేన్లు తెచ్చారు. ఇక మీరు కష్టపడక్కర్లేదని చెప్పి అన్నయ్యను ఇంటికి పంపేశారు. అతను గొడవ పడలేదు. పెట్టింది తిన్నాడు, పడుకున్నాడు, అడిగినదానికి జవాబు చెప్పాడు. ఆ తీరు చూస్తే నాకు ఒళ్లు మండేది.

కంప్యూటర్లో రేవు క్రేను ఆట ఒకటుందని తెలిసి తెచ్చిపెట్టింది నేనే. రెండు లీవర్లు కూడా తగిలించాను. అందులో పెట్టె అచ్చం రేవులోలాగే ఊగేది. మొదటిరోజు ఓ పెట్టె దించి, "గాలి కాస్త ఎక్కువ పెట్టార్రా" అన్నాడు అన్నయ్య. ఉద్యోగం పోయాక ఎవరూ అడక్కుండా అతను నోరు విప్పడం అదే మొదలు. అప్పట్నుంచి రోజూ చొక్కా వేసుకుని మరీ డ్యూటీకి కూర్చునేవాడు. రేవులో పాటించిన నియమమే ఇంట్లోనూ పెట్టాడు: పెట్టె గాల్లో ఉండగా ఎవరూ నోరు మెదపకూడదు. ఫోను మోగినా, పాలు పొంగినా, పెట్టె దిగాకే మాట.

ఆట దానంతటదే మారిపోతుందేమోనని నెట్ వైరు పీకేసి ఉంచేవాళ్లం. ఓరోజు వదిన వాళ్లమ్మతో వీడియోలో మాట్లాడి, వైరు తీయడం మరిచిపోయింది. మర్నాడు అన్నయ్య పెట్టె ఎత్తాడు. తెర మూలన చిన్న గడి ఒకటి లేచింది: కొత్త వెర్షన్ వస్తోంది, వద్దనుకుంటే ఇక్కడ నొక్కండి. అన్నయ్య కళ్లు పెట్టె మీదున్నాయి. వెనక నిలబడ్డ వదిన ఆ గడిని చూసింది. చెబుదామంటే పెట్టె గాల్లో ఉంది. పెదాలు బిగపట్టుకుని నిలబడిపోయింది. పెట్టె దిగేలోగా గడి మాయమైంది. ఆట దానంతటదే మూతపడి, మళ్లీ తెరుచుకుంది.

సాయంత్రం నేను వెళ్లేసరికి అన్నయ్య చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. లీవర్ కదిపి చూశాను. పెట్టె ఊగకుండా, గోడకు కొట్టిన మేకులా నిలబడింది. సెట్టింగులన్నీ గాలించాను, పాత వెర్షన్ కోసం వెతికాను. ఎక్కడా లేదు. ఆ కంపెనీకి రాస్తే, ఆటను మీకోసం మరింత సులభం చేశామని జవాబు వచ్చింది. ఎవడడిగాడ్రా మిమ్మల్ని అని తెరను తిట్టాను.

"పోనీలే అన్నయ్యా, ఇంకో ఆట తెస్తాను."

"ఎందుకురా? అది కూడా ఊపు ఆపుకోవడం నేర్చేసుకుంటుంది."

తనవల్లే ఇదంతా అయిందని వదినకు గుబులు. ఎలాగైనా మొగుణ్ణి మళ్లీ కుర్చీలో కూర్చోబెట్టాలని, అంతవరకు లీవర్ ముట్టుకోని మనిషి తనే ముందు కూర్చుంది. "ఇలా రండి, నేను తప్పు చేస్తే చెప్పండి" అంది. లీవర్ తోసింది. పెట్టె లేచి, ఓడ మీదుగా సాగి, లారీ మీద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది. తెరలో చప్పట్లు మోగాయి.

"చూశారా, నాకే వచ్చేసింది!" అంది వదిన సంబరంగా. అన్నాక ఆ మాట ఆమెకే గుచ్చుకుంది. చేతులు వెనక్కి తీసేసుకుంది.

"బాగా దించావ్" అన్నాడు అన్నయ్య. వెటకారం ఏమీ లేదు. కొత్తగా పనిలో చేరినవాళ్లతో అన్నట్టే అన్నాడు.

"నేనేం చెయ్యలేదండీ. దానంతటదే దిగింది."

"అంతేగా. ఇక ఎవరూ ఏం చెయ్యక్కర్లేదు."

నాకు ఏడుపొచ్చింది. అన్నయ్యకు రాలేదు.