నూకరత్నాన్ని తూచిన కాటా

నేను ఒక కాటాను. పెద్ద ఇనప పీఠం, గుండ్రటి ముఖం, ఆ ముఖం మీద ఒకే ఒక ముల్లు. మనుషుల ముఖాల్లో ఉన్నట్టు నా ముఖంలో దాపరికం ఉండదు. అందుకే నా మీదికి ఎక్కేవాళ్ళు ముందు ఊపిరి బిగబడతారు. ఊపిరికి ఎంత బరువుంటుందని వాళ్ళ ఉద్దేశమో నాకు ఇప్పటికీ తెలియదు.

నేను పుట్టింది ఒక చిన్న కార్ఖానాలో. తనిఖీకి వచ్చిన అధికారి నా నడుము మీద ముద్ర కొట్టి, ఇది నమ్మదగినది అని తేల్చాడు. ఆ ముద్ర చూసి ముచ్చటపడి నన్ను కొన్నవాడు ఒక బెల్లం వ్యాపారి. కొనేటప్పుడు బెల్లం దిమ్మె కింద బొటనవేలు పెట్టి లేపేవాడు. అమ్మేటప్పుడు అదే దిమ్మె మీద మోచెయ్యి ఆనించి కబుర్లు చెప్పేవాడు. నేను మాత్రం పై నుంచి పడిందంతా కలిపి చెప్పేదాన్ని. నన్ను తిట్టినవాళ్ళే గాని, ఆ మోచేతిని తిట్టినవాడు లేడు.

ఆ దుకాణం మూతపడ్డాక నన్ను భీమిలిలో చేపలమ్మే పోలమ్మ కొనుక్కుంది.

పోలమ్మకు నోరెక్కువ, మోసం తక్కువ. మా రేవులో చేపల్ని బుట్టతోనే కాటా మీద పెడతారు. బుట్ట బరువు కొనేవాడి నెత్తిన పడకూడదు కదా. అందుకని నేను వచ్చిన రోజే పోలమ్మ ఒక తడి వెదురుబుట్టను ఖాళీగా నా మీద పెట్టి, పక్కనున్న మర తిప్పి, ముల్లును సున్నాకు తెచ్చింది. బుట్ట తీసేసినా ముల్లు సున్నా దగ్గరే ఆగుతుంది. అక్కడొక చిన్న మేకు ఉంది, దాన్ని దాటి వెనక్కి పోలేదు. చూసేవాళ్ళకు అంతా సవ్యంగానే కనబడుతుంది. ఇంత ధర్మమైన ఏర్పాటు నా జీవితంలో అంతకు ముందు చూడలేదు.

సరిగ్గా ఆ ధర్మమే కొంప ముంచింది.

పోలమ్మ కూతురు నూకరత్నం. కాలేజీలో చేరిన పిల్ల. ఒకచోట కుదురుగా నిలబడగా నేను చూసింది నా మీద ఎక్కినప్పుడే. పొద్దున్నే బీచ్ హ్యాండ్‌బాల్, సాయంత్రం కుస్తీ. మొదటిది ఇసుకలో చెప్పుల్లేకుండా ఆడే ఆట. గాలిలోకి ఎగిరి, ఒళ్ళంతా ఒక చుట్టు తిరిగి గోల్ వేస్తే ఒకటికి రెండు పాయింట్లు. రెండోది అప్పలస్వామి మాస్టారి షెడ్డులో, మెత్తటి పట్టా మీద.

చిక్కల్లా ఇద్దరు గురువులతో వచ్చింది. హ్యాండ్‌బాల్ నేర్పే సువర్ణ మేడం, "తినకపోతే ఎగరలేవు, ఇంకో రెండు గుడ్లు తిను" అనేది. మాస్టారేమో, "యాభై మూడు కిలోల విభాగంలో నీ పేరిచ్చాను, గుడ్డు మొహం చూసావంటే ఊరుకోను" అనేవాడు. పిల్ల పొద్దున మేడం మాట, సాయంత్రం మాస్టారి మాట వినేది. మధ్యాహ్నం మాత్రం ఎవరి మాటా వినకుండా వాళ్ళమ్మ వండిన చేపల పులుసు మాట వినేది.

రాష్ట్ర పోటీలు విశాఖ తీరంలో పడ్డాయి. రెండు ఆటలూ అక్కడే. బయల్దేరే ముందు మాస్టారు రేవుకు వచ్చి తేల్చి చెప్పాడు.

"రెండు పడవల మీద కాళ్ళెట్టినావే నువ్వు. తూకంలో యాభై మూడు దాటిందా, ఇక నా షెడ్డు గుమ్మం తొక్కొద్దు. ఆ ఇసకలో బంతాటే ఆడుకో."

"మా బతుకే పడవల మీద కదా మాస్టారూ, మాకలవాటే" అంది నూకరత్నం. నవ్వుతూనే అంది గాని, ఆయన వెళ్ళగానే నా మీదికెక్కి ముల్లు వైపు చూసిన చూపులో నవ్వు లేదు. కుస్తీ పోతే ఆ పిల్లకు సగం ప్రాణం పోయినట్టే.

ముల్లు యాభై మూడు దగ్గరకు వచ్చి, గీత తాకకుండా ఆగింది.

"సూసావా? అంతే ఉన్నావు" అంది పోలమ్మ. "అక్కడ వాళ్ళ కాటా ఏం కాటానో మనకేటి తెల్సు? దీన్ని కూడా ఎట్టుకెళ్దాం."

అలా నేను ఆటోలో కూర్చుని రాష్ట్ర క్రీడలకు వెళ్ళాను. నాకు తెలిసి, పోటీలకు వెళ్ళిన చేపల కాటా నేనొక్కదాన్నే.

మొదటి రోజు హ్యాండ్‌బాల్. నన్ను ఇసుక పక్కన దింపారు. ఊరికే బరువు చూస్తారనుకుని జనం వరస కట్టారు. అందరూ దిగేటప్పుడు సంతోషంగా దిగడం చూసి, ఈ ఊళ్ళో ఇంత ఆనందం ఎక్కడిదా అనుకున్నాను. అవతల నూకరత్నం ఎగిరి తిరిగి గోల్ మీద గోల్ వేసింది. ఆఖర్లో ఎదుటి జట్టు పిల్ల బంతితో దూసుకొస్తుంటే, కుస్తీ అలవాటు కొద్దీ నడుం పట్టి, ఎత్తి, ఇసుకలో వెల్లకిలా పరిచింది. రిఫరీ ఈల వేసి బయటికి పంపాడు.

"ఇక్కడ పట్టుకోకూడదే తల్లీ!" అని సువర్ణ మేడం నెత్తి బాదుకుంది.

"పట్టుకోనేదు మేడం. పడిపోద్దేమోనని ఆపేను."

ఎలాగో ఆ మ్యాచ్ గెలిచారు. కాని ఆ రాత్రి పిల్ల గంజి తాగి పడుకుంది.

తెల్లవారి హాల్లో తూకం. నన్నూ తెచ్చి ఒక మూల దింపారు. అక్కడ మెరిసిపోతూ ఒక ఎలక్ట్రానిక్ మిషను. నూకరత్నం ఎక్కింది. తూకం చూసే మేడం అంకె చదివింది.

"యాభై నాలుగు కిలోల తొమ్మిది వందల గ్రాములు. దిగమ్మా."

పోలమ్మ గొంతు హాలు దాటి సముద్రానికి వినిపించింది. "ఏటీ! రాత్రి గంజి తాగిన గుంట పొద్దుటికి రెండు కిలోలు ఎలా పెరుగుద్ది? గాలి తిందా? మీ మిషనుకు కళ్ళు నేవు! ఓలే రత్నం, మన కాటా ఎక్కు!"

నూకరత్నం ఎక్కింది. ఉన్నమాట చెప్పాను. ముల్లు యాభై మూడు లోపే ఆగింది. జనం చప్పట్లు కొట్టారు. ముల్లు చూసి మాస్టారి మీసం కూడా లేచింది.

తూకం చూసే మేడం కోప్పడలేదు. పక్క హాల్లో బరువులెత్తే పోటీ. అక్కడి నుంచి ఇరవై కిలోల ఇనప చక్రం ఒకటి తెప్పించి తన మిషను మీద పెట్టింది. ఇరవై. తీసి నా మీద పెట్టింది.

పద్దెనిమిది.

పోలమ్మ ముల్లును చూసింది, మేకును చూసింది, పక్కనున్న మరను చూసింది. రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"ఓలమ్మో, బుట్ట! రెండు కిలోల బుట్ట మర్సిపోనాను! ఇన్నాళ్ళూ నా గుంటని బుట్ట నేకుండా తూసీసినాను!"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు హాలంతా పాకింది. నవ్వనిది ఇద్దరే. మాస్టారు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నా మాట నాదే. అయిపోయింది" అని గుమ్మం వైపు నడిచాడు. నూకరత్నం నా మీద నుంచి దిగలేదు. దిగితే కుస్తీ మీద నుంచి దిగిపోయినట్టే అనుకుందేమో.

గుమ్మంలో సువర్ణ మేడం అడ్డం నిలబడింది. "మాస్టారూ, యాభై ఏడు కిలోల్లో మన జిల్లా నుంచి ఎవరూ లేరు. ఆ తూకం ఇంకా మొదలు కాలేదు. మీరు ఒప్పుకుంటే అందులో దింపుతారట."

"యాభై ఏడా? అందులో ఉన్నోళ్ళు రోళ్ళలా ఉంతారు. ఈ పిల్లని నలిపీస్తారు. నీకు కుస్తీ గురించి ఏటి తెల్సమ్మా?"

"ఏమీ తెలియదండీ. ఆకలి గురించి తెలుసు. దాని మొహం చూశారా?"

అప్పుడు మాస్టారు పిల్ల మొహం చూశాడు. ఇన్నాళ్ళూ ఆయన చూసింది ముల్లును. గుమ్మం దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు.

"ఒక్క కుస్తీ. ఓడిపోయావా, మళ్ళీ నా షెడ్డేపు రాకు."

"అలాగే మాస్టారూ. ముందు ఏటైనా తిననియ్యండి."

తూకం కాగానే పోలమ్మ డబ్బా విప్పింది. అన్నం, వంజరం చేపల పులుసు. నూకరత్నం తిన్న తీరు చూస్తుంటే నాకే ముల్లు కదిలినట్టయింది.

కుస్తీలు అదే హాల్లో. ఎదుట కర్నూలు పిల్ల. భుజాలు తలుపుల్లా ఉన్నాయి. మొదట్లోనే మన పిల్లను పట్టా బయటికి తోసి ఒక పాయింటు లాగింది. తర్వాత చాలాసేపు ఇద్దరూ పొట్టేళ్ళలా తలలు ఆనించుకుని నిలబడ్డారు. గడియారంలో సమయం అయిపోవస్తోంది. కర్నూలు పిల్ల చటుక్కున మన పిల్ల వెనకవైపుకు చేరి నడుం చుట్టూ చేతులు బిగించింది. మాస్టారు కళ్ళు మూసుకున్నాడు.

నూకరత్నం కాలు నొక్కిపట్టి ఒళ్ళంతా ఒక్క చుట్టు తిరిగింది. ఇసుకలో తిరిగే తిరుగుడే. పాదం కింద కూరుకుపోయే ఇసుక లేదు కనుక రెట్టింపు వేగంతో తిరిగింది. పట్టు ఊడింది. కర్నూలు పిల్ల తేరుకునేలోపు మన పిల్ల ఆమె వీపు మీద ఉంది, ఆమె పట్టా మీద ఉంది. రెండు పాయింట్లు. ఇసుకలోనూ దానికి రెండే, పట్టా మీదా రెండే. ఈల మోగింది.

"ఓలే, ఈ పట్టు నాను నేర్పనేదే! ఎక్కడిదే?" అని మాస్టారు కేకేశాడు.

నూకరత్నం రొప్పుతూ సువర్ణ మేడం వైపు చెయ్యి చూపించింది.

తర్వాతి కుస్తీ ఓడిపోయింది. చివరికి కంచు పతకం దక్కింది. మాస్టారు పెట్టిన షరతు ఒక్క కుస్తీకే కనుక ఆయన నోరెత్తలేదు.

ఇప్పుడు పోలమ్మ కొత్త మిషను కొనుక్కుంది. నా మర సరిచేసి, నన్ను మాస్టారి షెడ్డుకు ఇచ్చేసింది. వారంలో రెండు రోజులు పొద్దున్నే ఆయన శిష్యులందరినీ ఇసుకలోకి తోలుకెళ్తాడు. తనూ పంచె ఎగ్గట్టి బంతి పట్టుకుని ఎగురుతాడు. తిరగడం ఇంకా రాలేదు. సగం చుట్టులోనే కూలబడి, ఇసుక దులుపుకుంటూ లేస్తాడు. చూసేవాళ్ళకు అదో వేడుక.

నిన్న మళ్ళీ పోటీల కబురొచ్చింది. మాస్టారు నా పక్కన నిలబడి, గొంతు సవరించుకుని అడిగాడు.

"ఈపాలి ఏ బరువులో దిగుతావే రత్నం?"

నూకరత్నం నా వైపు చూడనే లేదు.

"ఇంటికెళ్ళి తినొచ్చి సెప్తాను మాస్టారూ. అమ్మ ఏటి వండిందో ఇంకా తెల్దు."