నాలుగు వేళ్ళ దూరం

జాలారిపేటలో తన తండ్రి పైడయ్య పడవ అమ్మకానికొచ్చిందన్న సంగతి అనూరాధకి గాజువాక బజార్లో తెలిసింది. చేపల గంప ముందేసుక్కూర్చున్న మంగాయమ్మ సందువ చేపలు ఏరి పెడుతూ, ఊరికే నోటికొచ్చినట్టు చెప్పింది. మీ తమ్ముడు వీరావల్ ఎల్తన్నాడంట కదమ్మా, మేస్త్రీ పేరు రాసీసుకున్నాడంట, పడవ మీ ఎల్లాజీ సిన్నాన్న తీసుకుంటాడంట అని. అనూరాధ చేపలు అక్కడే వదిలేసి బస్సెక్కేసింది.

అది రెండువేల నాలుగో సంవత్సరం, ఆషాఢమాసం. ఆగస్టు వచ్చిందంటే, కూలీల్ని కుదిర్చే మేస్త్రీలు పేర్లు రాసుకున్న కుర్రాళ్ళు గుంపులుగా రైలెక్కి గుజరాత్‌లో ఉన్న ఆ వీరావల్ రేవుకి పోతారు. అక్కడ ఎవరివో బోట్లు, ఎవరిదో సముద్రం. మళ్ళీ ఎండలు ముదిరితే గానీ వాళ్ళ మొహాలు కనపడవు. కొందరివి ఆ తర్వాతా కనపడవు. పైడయ్య బతికున్న రోజుల్లో ఆ ఊరి పేరెత్తితే చెయ్యి కడిగేసుకుని కంచం ముందునుంచి లేచిపోయేవాడు. ఆయన పోయి మూడేళ్ళయింది.

అనూరాధ వెళ్ళేసరికి తమ్ముడు అప్పలరాజు పడవ నీడన ఇసకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. ఇచ్చేసే పడవకి వల బాగుచెయ్యడమేమిటని అడగబుద్ధయింది గానీ అడగలేదు. వాడూ తలెత్తలేదు. గుమ్మం ముందు ఎండుచేపలు తిరగేస్తున్న తల్లి సూర్యకాంతమ్మే మాట్లాడింది. చెప్పి చెప్పి తన నోరు అరిగిపోయిందట. వాడికి తల్లి మాటా పట్టదు, మేనమామ మాటా పట్టదు. అంతమంది పిల్లలకి పాఠం చెప్తావు, నీ తమ్ముడికి నాలుగు ముక్కలు చెప్పలేవా అని కూతురి మీదా ఒకటి విసిరింది.

వాడు పోతానడానికి కారణం పారు.

సముద్రం అడుగున అక్కడక్కడ రాళ్ళ గుట్టలుంటాయి. పైకి కనపడవు. వాటినే జాలర్లు పారులంటారు. చుట్టూ వట్టి బురద, ఆ రాళ్ళ సందుల్లో మాత్రం చేప కాపురముంటుంది. పారు జాడ తెలిసినవాడు వట్టి పడవతో ఒడ్డుకి రాడు. అందుకే ఆ జాడ ఎవడూ ఎవడికీ చెప్పడు. తోడబుట్టినవాడికి చెప్పడు, కట్టుకున్నదానికి చెప్పడు. కొడుకు చేతికి తెడ్డొచ్చాక వాడికి చెప్తాడు. పైడయ్యకి బాగా లోపల ఓ పారు తెలుసు. తన తండ్రి దగ్గర పుచ్చుకున్నాడు దాన్ని. కొడుక్కి మాత్రం ఇవ్వలేదు.

కొడుకు చదువుకోవాలని ఆయన పంతం. పారు రుచి మరిగితే గుంటడు బడి మొహం చూడడని భయం. పది పాసవ్వాలి, పోర్టులో కుర్చీలో కూర్చోవాలి, చేతులకి ఉప్పు తగలకూడదు. అంచేత వాడు ఇంట్లో ఉన్నంతసేపూ సముద్రం ఊసెత్తేవాడు కాదు. వాడు ఆటకి పోయిన సాయంత్రాలు, కూతురికి ముద్దలు కలిపి పెడుతూ అన్నీ చెప్పేవాడు. ఆడపిల్లకి చెప్తే ముప్పు లేదు మరి. ఆడది పడవెక్కదు, వల వెయ్యదు. గోడకి చెప్పినట్టే.

ఆ గోడ వింది. చిత్రమేమిటంటే చదువు కూడా గోడకే వంటబట్టింది. అనూరాధ పది పాసయింది, డిగ్రీ అయింది, బీఈడీ చేసింది. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసేవాడిని చేసుకుని, గాజువాకలో ఓ హైస్కూల్లో లెక్కలు చెప్తోంది. అప్పలరాజు పది రెండుసార్లు తప్పి పడవెక్కాడు. వాడెక్కినా తండ్రికి కోపం చల్లారలేదు. ఈ యేడు కాకపోతే వచ్చే యేడు చెప్దామనుకున్నాడో ఏమో, ఓ పొద్దున్న తడివల దులుపుతూ దులుపుతూ ఇసకలో ఒరిగిపోయాడు. కొడుక్కి అటు పుస్తకమూ అందలేదు, ఇటు పారూ అందలేదు.

మధ్యాన్నం అన్నాల దగ్గర వాడి నోటంట ఒక్కొక్క ముక్కే బయటికొచ్చింది. ఏడాదిగా వెతుకుతున్నాడు. ఎల్లాజీ చిన్నప్పుడు అన్నగారి పడవలో వెళ్ళినవాడు, గుర్తులు సగం సగం చెప్పాడు. నడిసముద్రం నుంచి వెనక్కి తిరిగి చూస్తే వన్ టౌన్ కొండమీద తెల్ల చర్చి కనపడుతుంది. దాని వెనక, దూరపు కొండల మధ్య ఓ సందుంటుంది. చర్చి సరిగ్గా ఆ సందులోకి వచ్చేట్టు పడవ నడపాలి. ఇక ఎంత దూరం పోవాలన్నది చేతివేళ్ళతో చూసుకోవాలి. చర్చికి ఓ పక్కన యారాడ కొండ, దాని మీద లైట్‌హౌస్. ఒడ్డు దూరమయ్యేకొద్దీ చర్చీ లైట్‌హౌసూ ఒకదానికొకటి దగ్గరవుతుంటాయి. చెయ్యి చాపి, ఆ రెంటి మధ్య వేళ్ళు నిలబెట్టి చూడాలి. నాలుగు వేళ్ళు సరిగ్గా పట్టినచోట ఆగితే, కింద పారు.

అప్పలరాజు పదకొండుసార్లు వెళ్ళాడు. రాయి కట్టిన తాడు పదకొండుసార్లూ బురదే తెచ్చింది. పెద్ద బోట్లలో జీపీఎస్ పెట్టెలొచ్చాయి గానీ, ఆ పెట్టెకైనా ఎక్కడికి పోవాలో ముందు మనిషే చెప్పాలి.

అనూరాధ ముద్ద కంచంలో పెట్టి అడిగింది.

"సెయ్యి సాపి ఎన్నేళ్ళు పెట్టి సూసినావురా?"

"అయిదు."

"నాలుగు కదా?"

"ఆయన నాలుగు. నాన్న ఏళ్ళు సూసినావు కదే అప్పా, తెడ్డుకర్రల్లాగ ఉండీవి. నా ఏళ్ళు సూడు, ఈనెపుల్లలు. ఆయన నాలుగంటే నాకు అయిదు."

కాదురా, ఎవరి చెయ్యయినా నాలుగే అని నాన్న చెప్పేవాడు అంది అనూరాధ. ఆ మాట అన్నాక గానీ అది ఎంత పెద్ద మాటో ఆమెకి తెలియలేదు. అప్పలరాజు కంచం పక్కకి నెట్టాడు.

"ఆయన నీకు సెప్పాడు. నాకు సెప్పనేదు," అన్నాడు. గొంతు పెంచలేదు. "పడవెక్కని మనిషికి దారి సెప్పి, పడవేమో నాకిచ్చాడు. ఏటి సేసుకోమని?"

తల్లి చెంబుతో నీళ్ళు తెచ్చి ఇద్దరి మధ్యా పెట్టి వెళ్ళిపోయింది. ఆమెకి మొగుడు ఏ గుర్తూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు.

తిరుగు బస్సులో అనూరాధ తమ్ముడి మాటకి సంజాయిషీ వెతుక్కుంది. ఇన్నాళ్ళూ తమ్ముడికి తెలుసులే అనుకుంది. అది పైకి. లోపలి నిజం వేరు. ఆ మాటలు తండ్రి తనకి విడిగా కలిపి పెట్టిన ముద్ద. పంచితే తరిగిపోతుందని ఎక్కడో దాచుకుంది. తమ్ముడు రైలెక్కితే, ఆ దాపరికానికి అర్థం ఏముంటుంది?

ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి తనని ఇసకలో నిలబెట్టాడు. రేవు బయట లంగరేసి రెండు ఓడలున్నాయి. ఆయన చెయ్యి చాపితే రెంటి మధ్య మూడు వేళ్ళు పట్టాయి. నీ చెయ్యి చాపు తల్లీ అన్నాడు. అరటిపువ్వు రేకులంత వేళ్ళు తనవి, వాటికీ మూడే పట్టాయి. గారడీ అనుకుంది. ఆయన నవ్వి, "సముద్రానికి సిన్నా పెద్దా నేదు," అన్నాడు.

పదో తరగతిలో శ్రీరామ్మూర్తి మాస్టారు నల్లబల్ల మీద సరూప త్రిభుజాలు గీసినప్పుడు ఆ గారడీ విడిపోయింది. చిన్న చేతికి చిన్న వేళ్ళు, పొడుగు చేతికి లావు వేళ్ళు. త్రిభుజం సైజు మారుతుంది, కోణం మారదు. ఆ సాయంత్రం పరిగెత్తుకొచ్చి తండ్రికి బొగ్గుతో గోడమీద బొమ్మ గీసి చూపించింది. ఆయన చుట్ట ఆర్పేసి, బళ్ళో పిల్లాడిలా చేతులు కట్టుకుని చివరిదాకా విన్నాడు. విని, "అయితే మీ మేస్టారికి కూడా తెలుసన్నమాట," అన్నాడు. మాస్టారు మీద ఆయనకి ఆ రోజునుంచి గౌరవం పెరిగింది.

కానీ అది ఎనిమిదేళ్ళ పిల్లప్పుడు రెండే రెండు చేతులతో చూసిన సంగతి. తమ్ముడు దాన్ని నమ్మి మళ్ళీ బురద తెచ్చుకుంటే ఇక ఆగడు. సోమవారం పదో తరగతికి వెళ్ళి ఆమె పాఠం మానేసింది. పిల్లల్ని జంటలు చేసి టేపులిచ్చింది. చాపిన చేతికి కంటినుంచి వేళ్ళదాకా ఎంతో కొలవాలి, కలిపి పెట్టిన నాలుగు వేళ్ళ వెడల్పెంతో కొలవాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. అరవై ఇద్దరు. ఫ్యాక్టరీ వాళ్ళ పిల్లలు, రైతుల పిల్లలు, ఆటోవాళ్ళ పిల్లలు. తాటిచెట్టంత పొడుగున్నవాళ్ళకీ, బెంచీ మీద కాళ్ళు నేలకందనివాళ్ళకీ ఏడున్నరకి అటూ ఇటుగానే వచ్చింది. పిల్లలు ఒకళ్ళ చేతులొకళ్ళు చూసుకుని నవ్వుకున్నారు. ముందు బెంచీ దేవిశ్రీ లేచి, ఇది పరీక్షలో వస్తదా మేడమ్ అనడిగింది. రాదంది అనూరాధ. సగం మంది పెన్నులు మూసేశారు.

శనివారం బడి వదలగానే జాలారిపేట వెళ్ళింది. అప్పలరాజుని ఒప్పించి ఒడ్డుకి తీసుకురావడానికే అరగంట పట్టింది. పుస్తకాల్లో పారులుంటాయేటే అని ఒకసారి వెటకరించాడు. ఆమె మారు మాట్లాడకుండా వాడి మోచెయ్యి వంపు తీసి తిన్నగా చాపించింది. దూరంగా లంగరేసిన ఓడ ఆ చివరకీ ఈ చివరకీ మధ్య రెండు వేళ్ళు పట్టాయి. ఆమెకీ రెండే. అనుమానం తీరక వాడు కేకేసి తల్లిని పిలిచాడు. సూర్యకాంతమ్మ చేప పొలుసులంటిన చెయ్యి కొంగుకి తుడుచుకుని, ఇదేం ఆటరా అంటూనే చాపింది. రెండే.

అప్పలరాజు తన వేళ్ళకేసి చాలాసేపు చూసుకున్నాడు.

"అలగయితే నాను ముందే ఆగిపోతన్నాను," అన్నాడు.

"అయిదేళ్ళు పట్టిన కాడే ఆగీసినావు. నాలుగే పట్టాలంటే ఎల్లినంత దూరానికి ఇంకో పావొంతు ఎల్లాల."

వాడు ఆ పావువంతుని మనసులో సముద్రం మీద పరుచుకుని చూసుకున్నట్టున్నాడు. మర్నాడు వెలుగు రాకముందే ఎప్పుడూ వెంట వచ్చే ఇద్దరితో పడవ తోసుకుపోయాడు.

రాత్రి పుట్టింట్లోనే ఉండిపోయిన అనూరాధకి ఆ రోజు పొద్దు కదల్లేదు. ఇంట్లోకి వెళ్ళింది, బయటికొచ్చింది. చర్చి, సందు, లైట్‌హౌస్, అన్నీ ఆమెకి కళ్ళకి కట్టినట్టు తెలుసు. కానీ ఆ కళ్ళతో ఒక్కసారీ చూడలేదు. ఒడ్డున నిలబడితే కొండ పక్కకి తిరిగిపోయి ఉంటుంది. చర్చి మేడల చాటుకి పోతుంది. నీళ్ళ మీదనుంచి తన ఊరు ఎలా ఉంటుందో ఆమెకి తండ్రి గొంతులోనే తెలుసు. ఆ గొంతు కోసం చెవి రిక్కించినట్టు ఆమె సముద్రంకేసే చూస్తూ కూర్చుంది.

పొద్దు వాలాక పడవొచ్చింది. బరువుగా, తాపీగా వచ్చింది. ఒడ్డున ఉన్నవాళ్ళు తాడందుకున్నారు. ఎల్లాజీ లోపలికి తొంగిచూసి, మూరెడు పొడుగు ఎర్రచేపని మొప్ప కింద వేలేసి పైకెత్తాడు. ఇది బురద సేప కాదురా అని ఊరుకున్నాడు. పడవ సంగతి ఇక ఆయనా ఎత్తలేదు. సూర్యకాంతమ్మ ఒక్క చేప ఎంచి పక్కన పెట్టి, మిగిలినవి గంపకెత్తమంది.

అప్పలరాజు మాత్రం సంబరపడ్డట్టు లేడు. కాళ్ళు కడుక్కుని, గుమ్మం ముందు గోడకి జారబడి కూర్చున్నాడు. అనూరాధ వెళ్ళి పక్కన కూర్చుంది. రాయి తగిలిందా అనడిగితే తగిలిందన్నాడు. నాలుగు వేళ్ళకేనా అంటే నాలుక్కే అన్నాడు. చర్చి సందులో ఎలా ఉంది అంటే, ఎలా ఉంటాది, చర్చిలాగే ఉంది అన్నాడు. మేస్త్రీకి ఏం చెప్తావని ఆమె అడగలేకపోయింది.

వాడే మళ్ళీ అన్నాడు.

"పారు దొరికింది గాని అప్పా, నాన్న సెప్పినట్టు నేదు. నువ్వు లెక్క సెప్పినావు. నాన్న లెక్క సెప్పీవోడు కాదు కదా. ఆయన నీకు ఎలగ సెప్పీవోడో, నాకలగ సెప్పు."

అనూరాధ ఎక్కడ మొదలెట్టాలో తెలియక, తండ్రి మొదలెట్టినచోటే మొదలెట్టింది. కళ్ళు మూసుకోమంది. ఇరవై నాలుగేళ్ళ తమ్ముడు నిజంగానే మూసుకున్నాడు.

ఇప్పుడు ఒడ్డు ఒదిలీసినాం అంది. కెరటం దాటీసినాం, ఇంక నీళ్ళు నల్లగా ఉంటాయి, భయపడకు. ఎనక్కి సూడు. మనూరు సూడు ఎంతయిపోయిందో, గుప్పెడు మరమరాలు సల్లినట్టు. అదిగో యారాడ కొండ, నీళ్ళు తాగడానికి ఒంగిన గేదె. దాని మెడ మీద దీపం. ఇటు సూడు, తెల్ల పిట్ట ఎగిరొస్తంది, అదే చర్చి. దానికి గూడు కావాల. ఎనక కొండల్లో గూడుంది, పడవ అటు తిప్పు, ఇంకొంచెం, పిట్టని తోలకు, దాని పాటికదే ఎల్లి కూకుంటాది. కూకుందా? ఇంక గేదెకీ పిట్టకీ మధ్య నీ నాలుగేళ్ళు పెట్టు.

సూర్యకాంతమ్మ కత్తిపీట ముందు చేప పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమె కూడా ఇది వినడం ఇదే మొదలు.

పట్టాయా, అయితే రాయి దించు, గరుకు తగిలిందా అని చెప్పి అనూరాధ ఆగిపోయింది.

"తరవాత?" అన్నాడు అప్పలరాజు కళ్ళు తెరవకుండానే. "గాలి మారిపోతే పడవ ఎటు జరపాల? ఇయ్యాల అక్కడే తికమక పడ్డాను. నాన్న ఏటన్నాడు?"

ఆమె ఎంత వెతుక్కున్నా ఆ తర్వాత ఏమీ లేదు.

"ఆ మాటకాడికొచ్చీసరికి నాను నిద్రపోయీదాన్నిరా," అంది.

వాడు కళ్ళు తెరిచి అక్కకేసి చూశాడు. కోపగించుకుంటాడనుకుంది.

"పోన్లే," అన్నాడు. "ఆ ముక్క నాను సూసొచ్చి నీకు సెప్తాను."